రాగిబిందెలో కలిపిన సముద్రం

మీకిప్పుడు ఒక మహాకావ్యం చెప్తున్న. అండ్ల సముద్రం ఉన్నది, విషం ఉన్నది, చావు ఉన్నది, చివరిదాక నిలబడ్డ వీరుడు గూడ ఉన్నడు. నిజం చెప్పాల్నంటె, సముద్రం రెండు బిందెలంత. వీరుడు పీత.

అరవైలల్ల మాట. మక్తల్ దిక్కు ఒక హైస్కూల్ల నేను కొత్తగ చేరిన సైన్సు పంతులును. నా మీద ఇంకో సైన్సు సారుండె, విశాఖపట్నం మనిషి. ఎండాకాలం సెలవులకు ఇంటికి పోయి వచ్చేటప్పుడు, రెండు పెద్ద ఊరగాయ జాడీల నిండ సముద్రపు నీళ్లు, ఒక రాయి, రాయి మీద బతికున్న సముద్రపు పువ్వు, రెండు నత్తలు, ఒక పీత పట్టుకొచ్చిండు. పువ్వంటె చెట్టుకు పూసేది కాదు, జంతువు. రేకుల లెక్క ఊగేవి దాని చేతులు. రైల్ల ఆయన పక్కన ఎవ్వరూ కూసోలేదట.

"మన బళ్లో ఒక్క పిల్లాడూ సముద్రం చూడలేదోయ్. బడి తెరిచే రోజుకి ఇది విచ్చుకుని ఉండాలి. అంతే నాకు కావల్సింది," అన్నడు సారు. బడి తెరిచేందుకు పది దినాలున్నయి.

బడిల ఒక అర్ర తెరిచి, ఒక జాడీ నీళ్లను గాజుతొట్టిల పోసి రాయిని దించినం. నీళ్లు చెడిపోకుండ రెండు ఉపాయాలు చెప్పిండు. ఒకటి, అడుగున బొక్కున్న కుండల గులకరాళ్లు, ఇసుక, కడిగిన బొగ్గు నింపి తొట్టి మీద పెట్టి, గంటకోసారి తొట్టినీళ్లనే చెంబుతోటి పైనుంచి పోసుడు. రెండోది, లారీ ట్యూబుల గాలి కొట్టి, సన్నగొట్టం గుండ బుడగలు ఇడుసుడు.

"ఏది మంచిది సార్?"

"వేరే పని లేనివాళ్లుంటే మొదటిది."

సెలవులు గదా, ఇద్దరం ఉన్నం. రెండూ పెట్టినం. ట్యూబు మాత్రం పొద్దుందాక సన్నగ మూల్గేది, ఆ అర్రల ఎవరికో పానం పోతున్నట్టు.

ఇగ కొన్ని పాతనీళ్లు తీసి కొత్తనీళ్లు పొయ్యాలె. రెండో జాడీల సగం మొదటి దినాలల్లనే అయిపోయె, మిగిలిన సగం ఆపదకు దాచాలన్నడు సారు. మక్తల్ల సముద్రం యాడ దొర్కుతది? కలుపుకోవాలె. బావినీళ్లు పనికిరావు, వాననీళ్లే కావాలన్నడు. దొడ్డుప్పు అంగట్ల దొరికింది. ఇంకో ఉప్పు, విరేచనం కానోళ్లకు ఇచ్చేది, దానికోసం దవాఖానకు పోయిన.

"ఎవరికి?" అన్నడు కాంపౌండరు.

"సముద్రానికి."

"ఎన్ని దినాలైంది?"

ఉప్పు సరిపోయిందా చూసేందుకు, పాలల్ల నీళ్లు కలిసినయా అని చూసే గాజుపుల్లను హోటలాయన దగ్గర అడిగి తెచ్చినం. అసలు సముద్రపు నీళ్లల్ల అది యాడిదాక మునిగిందో అక్కడ దారం కట్టినం. కొత్తనీళ్లల్ల గూడ దారందాక మునిగితె సముద్రం తయారైనట్టె.

ఇంట్ల నీళ్లు కలిపేందుకు నేను కుండ తీస్తుంటె, నా దగ్గర ఉండే అవ్వ ఒప్పుకోలేదు. "సముద్రుడు దేవుడు బిడ్డా. మట్టికుండల కలుపుతవా?" తన రాగిబిందెను చింతపండు పెట్టి అద్దమయ్యేదాక తోమింది. మొదటివాన మా వాకిట్ల దాంట్లనే పట్టిన. ఉప్పులు కలిపి రెండు దినాలు తేరుకోనిచ్చిన. గాజుపుల్ల సరిగ్గ దారందాక మునిగింది. బడి నాలుగు దినాలుందనంగ నాలుగు చెంబులు బడికి తెచ్చి తొట్టిల పోసినం.

ఆ మాపటికే నత్తలు గాజు మీద పాకి నీళ్లు దాటి వచ్చినయి. పీత రాయెక్కి, నీళ్లకు బయట నిలబడ్డది. తెల్లారి చూస్తె పువ్వు పిడికిలి లెక్క ముడుచుకున్నది. ఆకాశం నల్లగ మూసుకొని ఉన్నది, వాన మాత్రం పడ్తలేదు. నేను బొగ్గు మీద అనుమానపడ్డ. బొగ్గేమనలేదు. దాన్ని మళ్ల ఏడుసార్లు కడిగిన. ఇసుకను వాసన చూసినం. ట్యూబు మూల్గుతనే ఉన్నది.

మూడోదినం పీత నిలబడ్డ కాడనే చచ్చిపోయింది. పువ్వు మీద తెల్లటి జిగురు. సారు తొట్టి ముందట కూసొని, "రాయితో సహా ఊడదీసి తెచ్చానోయ్. దీన్ని అడిగి తేలేదు," అన్నడు. నేను చచ్చిన పీతను తీసి పక్కకు పెట్టిన.

"పాతనీళ్లు పాడయ్యుంటాయి. మిగిలిన కొత్తనీళ్లు కూడా పోసేద్దాం."

ఇంటికాడి నుంచి బిందె తెచ్చి వంచిన. లోపల నీళ్లు నిలిచిన కాడ చుట్టూత పచ్చటి చిలుము గీత. సారు నా చెయ్యి పట్టుకున్నడు.

"ఆగు! ఇందులోనే కలిపావా?"

"అవును సార్. బాగ తోమి ఇచ్చింది అవ్వ."

"రాగి. మనకి మంచిదే. వీటికి విషం."

రెండో జాడీల అసలు సముద్రపు నీళ్లు ఇంక సగమున్నయి. రాయిని, నత్తలను అండ్లకు మార్చి గొట్టం అటు తిప్పినం. తొట్టిని పారబోసినం.

ఇంటికి పోంగనె అవ్వ అడిగింది: "పువ్వు విచ్చుకున్నదా? నా బిందె పనికొచ్చిందా?"

"జర టైం పడ్తది అవ్వా. బిందె బాగ పనికొచ్చింది," అన్న. ఆమె సంతోషంగ మళ్ల చింతపండు నానబెట్టింది.

బడి తెరిచిన దినం పిల్లలు వరుసల నిలబడి జాడీ లోపలికి తొంగి చూసిండ్రు. పువ్వు సగమే విచ్చుకున్నది, నాలుగైదు చేతులు మెల్లగ ఊగుతున్నయి. సారు పక్కకు తిరిగి కండ్లద్దాలు తుడుసుకున్నడు.

"సార్, దీన్ని తింటరా?" అన్నడు ఒకడు.

ఉప్పునీళ్లు రాగిల గాని ఇత్తడిల గాని కలపొద్దు. ఊరగాయ జాడీల కలుపాలె. ముందుగాల రెండు దినాలు ఎండల పెడితె కారం వాసన పోతది.