ఎదురు కుర్చీ

సార్ పోయారు. బుధవారం పొద్దున మా పాత కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక్క ముక్క పెట్టారు. పోపు వేస్తూ చూశాను. ఆవాలు మాడి ఇల్లంతా పొగ. స్టవ్ కట్టేసి, కట్టుకున్న చీరతోనే ఆటో ఎక్కాను. నాగోల్ నుంచి కర్మన్‌ఘాట్‌లో వారింటికి ఇరవై నిమిషాల దారి. వచ్చే ఆదివారం వెళ్దాం, వచ్చే ఆదివారం వెళ్దాం అనుకుంటూ నేను ఆ దారికి పదేళ్లు పైనే తీసుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ప్రైవేటు కాలేజీలో ఆయన తత్వశాస్త్రం చెప్పేవారు, నేను ఇంగ్లీషు. ఆయనది నల్గొండ పక్క పల్లె, మాది గుంటూరు వైపు. ఆయన భుజాన ఎప్పుడూ గుడ్డ సంచి, సంచిలో ఉడకబెట్టిన పల్లీలు. స్టాఫ్ రూములోకి వస్తూనే అడగకుండా తలా గుప్పెడు బల్ల మీద పెట్టేవారు. పొట్టు మాత్రం ఎవరిది వాళ్లే ఎత్తాలి. ఆ విషయంలో ప్రిన్సిపాల్‌ని కూడా వదిలేవారు కాదు.

మనిషి సాటి మనిషికి ఏం రుణపడి ఉంటాడన్నదే ఆయన ముఖ్యమైన పాఠం. పుస్తకంలో ఆ మాటలు ఇనుప గుగ్గిళ్లు. ఆయన చెబితే పల్లీలంత తేలిక. ఒక ఎండాకాలం నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. గదిలో తిరిగే ఫ్యాను ఒక్కటే. ముందొచ్చినవాళ్లు దాని కింద కూర్చోవాలని పిల్లలంతా చేతులెత్తి తీర్మానించారు. ఎత్తనిది ఒక్క అమ్మాయి. "ఏంది బిడ్డా, నీకేమన్న అభ్యంతరమా?" అని అడిగి, ఆ పిల్ల నోరు విప్పేదాకా ఊరికే నిలబడ్డారు. ఆమె లేచి, "మా ఊరికి ఒక్కటే బస్సు సార్. నేనెప్పుడూ ఆఖరికే వస్త" అంది. సార్ మిగతా వాళ్లవైపు తిరిగారు. "ఇంతమంది చేతులెత్తిన్రు. ఆమె మొహం చూసి, ఆమె కాదనలేని కారణం ఒక్కటి చెప్పున్రి." మర్నాటి నుంచి ఫ్యాను కింద రోజుకో వరస కూర్చుంది.

"మంది ఎక్కువున్నరన్నది బలం మేడం, కారణం కాదు" అనేవారు నాతో.

తెలంగాణ ఉద్యమం వేడెక్కాక మా స్టాఫ్ రూము రెండు ముక్కలైంది. టీలు వేరు, బల్లలు వేరు. అప్పుడు సార్ ఒక పద్ధతి పెట్టారు. కిటికీ దగ్గర రెండు కుర్చీలు ఎదురెదురుగా వేశారు. వాదించాలనుకున్నవాళ్లు వాటిలో కూర్చోవాలి. ముందు ఎదుటివాళ్ల బాధ మనం చెప్పాలి. వాళ్లు "అవును, అదే" అనాలి. ఆ తర్వాతే మన మాట. నేను ఆయన వైపు మాట చెప్పబోయి మూడుసార్లు తప్పాను. ఉద్యోగాలన్నాను, నీళ్లన్నాను. "అవి పేపర్ల ఉన్నయి మేడం, నా బాధ చెప్పున్రి" అని నవ్వారు. నాలుగోసారి ఆయన మాటగా, "మా ఊళ్లో మేం మాట్లాడుకునే మాట సినిమాల్లో జోకర్లకు పెట్టారు, క్లాసులో మాట్లాడితే మీరంతా నవ్వారు" అన్నాను. ఆయన, "అవును, అదే" అన్నారు.

నా బాధ మాత్రం ఆయన మొదటిసారే చెప్పేశారు. "నా పిల్లలు ఈడనే పుట్టిన్రు. రేపు ఎవరన్నా మీది ఏ ఊరు అంటే, నేనేం చెప్పాలె?" అన్నారు, నేనై. నేను తల మాత్రం ఊపాను.

ఒక బంద్ రోజు కాలేజీకి వచ్చి చిక్కుకుపోయాను. బస్సుల్లేవు, ఆటోల్లేవు. సార్ నా సంచి కూడా తన భుజానికే తగిలించుకుని ఎల్‌బీ నగర్‌లో అప్పటి మా ఇంటిదాకా నడిచారు. దారి పొడుగునా రాస్తారోకోలు. ప్రతిచోటా ఆయన, "మా మేడం, జర తొవ్వ ఇయ్యున్రి" అనడం, వాళ్లు జరగడం. మా గేటు దగ్గర మంచినీళ్లు తాగి, మళ్లీ అంత దూరమూ వెనక్కి నడిచి వెళ్లారు.

ఆ తర్వాత నెల తిరక్కుండానే నేను సంతకం పెట్టాను. ఆయన క్లాసులో ఉద్యమం మాట్లాడుతున్నారనీ, ఆయన్ని పాఠాల నుంచి తప్పించాలనీ మా ఆంధ్రావాళ్లు యాజమాన్యానికి రాసిన కాగితం. అందులో ఉన్నది నిజం కాదని నాకు తెలుసు. వెనక బెంచీలో కూర్చుని విన్నదాన్ని కదా. అయినా పెట్టాను. సార్‌ని క్లాసుల నుంచి తీసేసి లైబ్రరీలో కూర్చోబెట్టారు. అంత పాఠం చెప్పగల మనిషి పుస్తకాలకు నంబర్లు అతికించారు.

ఒకరోజు నేను పుస్తకం ఇవ్వబోతే ఆయన తన ఎదురుగా ఉన్న కుర్చీ చూపించారు. "మేడం, కోపం లేదు. కారణం చెప్పున్రి చాలు. మొహం మీద చెప్పగల్గేది ఏదున్నా వింట." నేను గంట కొట్టారని చెప్పి వచ్చేశాను. గంట కొట్టలేదు. ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది, ఆయన రిటైరయ్యారు, నేనూ అయ్యాను. సిగ్గు ఎంత పాతబడితే అంత బరువెక్కుతుందని నాకు తెలియదు. ఆ మొదటి ఆదివారమే వెళ్లి ఉండాల్సింది.

ఆ బుధవారం మగవాళ్లు ఆయన్ని శ్మశానానికి తీసుకెళ్లాక, ఆయన భార్య నన్ను వరండాలోకి పిలిచారు. అక్కడ రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి.

"మీరొస్తరని గా ఎదురు కుర్చీ తియ్యనియ్యకపోతుండె" అన్నారావిడ. "మీ దిక్కు మాట ఆయననే చెప్తుండె. 'మేడంకు నా మీద కోపం కాదు, నేనంటె భయం గూడ కాదు. సంతకం పెట్టకుంటె తనోళ్లల్ల ఒంటరిదైతనని భయపడ్డది, గంతే' అంటుండె. నిజమేనా అని నేనడిగితే, 'నేను సరిగ్గ చెప్పిన్నో లేదో ఆమెనే వచ్చి చెప్పాలె' అంటుండె."

అంతకన్నా ఒక్క అక్షరం ఎక్కువా లేదు, తక్కువా లేదు. నేను నాకు కూడా చెప్పుకోని కారణం అది. నా కోసం అట్టేపెట్టిన కుర్చీలో కూర్చున్నాను.

"అవును సార్, అదే" అన్నాను. మళ్లీ కాస్త గట్టిగా అన్నాను. ఎదురుగా ఆయన కుర్చీ, దాని చేతికి తగిలించి ఉన్న గుడ్డ సంచి.