తడి అంటని కొబ్బరి ఈనె

ఆ వేసవిలో నేను మా కారులో కూర్చుని చదువుకునేదాన్ని. ఈ ఒక్క మాట అప్పుడే నాన్నతో చెప్పి ఉంటే ఇదంతా రాయవలసిన పని ఉండేది కాదు.

డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న ఏడాది అది. కడియం దగ్గర మాకు చిన్న నర్సరీ ఉంది. ఇల్లూ మొక్కలూ ఒకే ఆవరణలో. పొద్దుట నుంచి కొనడానికి వచ్చేవాళ్ళు, లారీలకు ఎత్తేవాళ్ళు, ఎవరో ఒకరు తిరుగుతూనే ఉంటారు. కొత్తవాళ్ళు పలకరిస్తే నాకు గొంతు పెగలదు. గదిలో గడియ పెట్టుకుంటే ఒంట్లో బాగాలేదా అని అమ్మ తలుపు కొడుతుంది. అందుకని మధ్యాహ్నం అమ్మ నడుం వాల్చి, నాన్న మొక్కల్లోకి వెళ్ళాక, తాళం తీసుకుని రేకుల షెడ్డులో ఉన్న కారులోకి వెళ్ళేదాన్ని. నాకు నడపడం రాదు. ఇంజను వేసి ఏసీ తిప్పుకోవడం మాత్రం వచ్చు. గంట, ఒక్కోసారి రెండు గంటలు. పుస్తకం, డైరీ రెండూ అక్కడే. కుండీలకు గుచ్చే తెల్ల ప్లాస్టిక్ చీటీ ఒకటి పేజీల మధ్య గుర్తుగా పెట్టుకునేదాన్ని.

కారు పాతది, పెట్రోలుది. నాన్న మా ఊరి చుట్టుపక్కల వరకే నడుపుతారు. రాజమండ్రి వెళ్ళాలన్నా, గోదావరి దాటాలన్నా యాక్టింగ్ డ్రైవరుకు కబురు పెడతారు. నెలజీతం మీద కాకుండా, పని పడినప్పుడు వచ్చి నడిపి వెళ్ళే మనిషి ఆయన. యాభై దాటాయి. చర్చి వెనక ఇళ్ళలో ఉంటారు. కారు ఉండి డ్రైవరు లేని నాలుగైదు కుటుంబాలకు ఊళ్ళో ఆయనే ఆధారం. మనిషి మీద నమ్మకంతో తాళాలు చేతికిస్తారు. ఆయన బతుకుతెరువు ఆ నమ్మకమే.

పెట్రోలు ముల్లు దిగడం ముందు చూసింది నేనే. ఒక రోజు రెండో గీత మీద ఉన్నది మర్నాటికి ఇంకా కిందికి వచ్చింది. "నా ఏసీ వల్లే" అని డైరీలో రాసుకున్నాను. రాసుకుని, మళ్ళీ మధ్యాహ్నం వెళ్ళి కూర్చున్నాను.

ఆ వారమే అమ్మానాన్నలు నిడదవోలులో పిన్ని వాళ్ళింటికి వెళ్ళొచ్చారు. దారిలో రాజమండ్రిలో నాన్న సగం ట్యాంకు పైగా కొట్టించారు. వాళ్ళు లోపల భోజనాలు చేసి, మాట్లాడుకుని, సాయంత్రం బయల్దేరేదాకా డ్రైవరు గారు బండి దగ్గరే ఉన్నారు. తిరిగొచ్చిన మర్నాడు నేను ఎప్పటిలాగే రెండు గంటలు చదువుకున్నాను. ఆ మరుసటి ఉదయం నాన్న తాళం తిప్పేసరికి ముల్లు ఎర్ర గీత మీద పడుకుని ఉంది.

నాన్నకు యంత్రమంటే పొలంలో ఆయిలింజనే. అందులో డీజిలు ఎంతుందో చూడాలంటే మూత తీసి కొబ్బరి ఈనె ముంచుతారు. తడి ఎక్కడిదాకా అంటిందో గోటితో గుర్తు పెట్టుకుంటారు. మా వైపు రైతులందరికీ అలవాటైన పనే. కారు మూత తీసి, "ఒక ఈనె తేమ్మా, పొడుగుది చూసి" అన్నారు. చీపురులోంచి అన్నిటికన్నా పొడుగుదాన్ని నేనే లాగి ఇచ్చాను.

ఈనె జానెడు లోపలికి వెళ్ళి ఆగింది. నాన్న మెల్లగా తిప్పి ఇంకాస్త దింపి, పైకి తీశారు. పొడిగా ఉంది. మళ్ళీ ముంచారు. మళ్ళీ పొడే. వాసన చూసి పక్కన పడేసి ఫోను తీశారు.

డ్రైవరు గారు పావుగంటలో వచ్చారు.

"మొన్న సగం పైగా కొట్టించాం. ఇవాళ ఈనె తడవలేదు. ఏమైనట్టయ్యా?"

"ఆయ్, నాకు తెలీదండి. బండి వారింటి గుమ్మంలోనే ఉందండి. నేను సీట్లోంచి దిగలేదండి."

"దిగలేదు. మరి పెట్రోలు దిగిందిగా."

గోడకు అవతల పక్క నర్సరీ ఆయన మొక్కలు తడుపుతున్నవాడల్లా నీళ్ళ పైపు మడిచి పట్టుకుని వింటున్నాడు. నేను మెట్ల మీద ఉన్నాను. గొంతులోకి మాట వచ్చింది. ఏసీ వేసుకుని కూర్చున్నది నేను అని చెప్పాలి. చెబితే తాళం దాచేస్తారు, ఆ గంట పోతుంది, అందరూ నవ్వుతారు. ఇవన్నీ ఆ క్షణంలో వరసగా తోచాయి. ఆయన బతుకుతెరువు మాత్రం తోచలేదు.

"నేను తియ్యలేదండి" అన్నారాయన. ఒక్కసారి మెట్ల వైపు చూశారు. నేను చేతిలో ఉన్న చీపురుతో, అమ్మ అప్పటికే ఊడ్చిన మెట్లు ఊడవడం మొదలుపెట్టాను.

ఆయన కారు తలుపు తీసి, అద్దాలు తుడుచుకునే తన గుడ్డ, నీళ్ళ సీసా తీసుకుని వెళ్ళిపోయారు. ఆ ఆదివారం పక్క నర్సరీ వాళ్ళు పెళ్ళికి వెళ్ళడానికి వేరే ఊరి డ్రైవరు వచ్చాడు. గోడ మీదుగా చూసి నేను లోపలికి వెళ్ళిపోయాను. ఆ రోజుల్లో డైరీలో కూడా ఆ సంగతి రాయలేదు. నా డైరీ నేను తప్ప ఎవరూ చదవరు. అయినా రాయలేదు.

నాలుగు రోజుల తరువాత నాన్న నన్ను కూర్చోబెట్టుకుని స్వయంగా పెట్రోలు బంకుకు వెళ్ళి, ఫుల్ చెయ్యమన్నారు. సగం పట్టకుండానే గన్ను టక్కున ఆగిపోయింది. పైపు పాడైందేమో, మళ్ళీ కొట్టమన్నారు నాన్న. ఈసారి పెట్రోలు పొంగి టైరు మీదికి కారింది. "ఫుల్లే అయిపోయిందండి, ఇంక పట్టదు" అన్నాడు బంకు మనిషి. తాళం తిప్పితే ముల్లు అదే ఎర్ర గీత మీద ఉంది.

నాన్న చాలాసేపు ఆ ముల్లునే చూశారు. నేనూ చూశాను. ట్యాంకు అసలెప్పుడూ ఖాళీ కాలేదని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. 

అక్కడినుంచి నేరుగా మెకానిక్కు దగ్గరికి వెళ్ళాం. అతను వెనక సీటు పైకెత్తి, కింద ట్యాంకుకు వెళ్ళే వైర్ల ప్లగ్గు పీకాడు. చిన్న తీగ ముక్కతో రెండు కొసలూ కలిపి, ముల్లు చూడమన్నాడు. అది చివరిదాకా లేచింది. "ముల్లు బాగుంది, వైరూ బాగుంది. రోగం లోపలుందండి" అన్నాడు. బ్యాటరీ వైరు విప్పి, పెట్రోలు కొంత డబ్బాల్లోకి తోడి, ట్యాంకులోంచి ఒక సన్నని కడ్డీ బయటికి తీశాడు. దాని కొసన నల్లటి ప్లాస్టిక్ డొల్ల ఉంది. పెట్రోలు మీద తేలుతూ, ఎంతుందో ముల్లుకు తెలియజెప్పేది అదే. నా చెవి దగ్గర పెట్టి ఆడించాడు. లోపల గలగలమంది. కంటికి కనపడనంత పగులులోంచి పెట్రోలు కొంచెం కొంచెంగా దాన్లోకి చేరిందట. బరువెక్కి, రోజురోజుకీ ఇంకాస్త మునిగిందట.

"మేం ఈనె వేసి చూశామయ్యా. తడవలేదు" అన్నారు నాన్న.

మెకానిక్కు నవ్వాడు. "ఇదేమన్నా ఆయిలింజనా అండి? మూత దగ్గర పైపు వంకర తిరిగి ఉంటుంది. మీ ఈనె ఆ వంపు దగ్గరే ఆగుంటుంది. నెల్లాళ్ళు ముంచినా తడవదు."

నాన్న నవ్వలేదు. నేను ధైర్యం చేసి, ఏసీ వేసి ఊరికే ఉంచితే ట్యాంకు ఎంత తొందరగా ఖాళీ అవుతుందని అడిగాను. ఎండలో గంట ఉంచినా లీటరు దాటదన్నాడు. నా మీద ఉన్న బరువు దిగిందనిపించింది. మరుక్షణం సిగ్గేసింది. దొంగను నేనేనని నమ్మి, నా బదులు డ్రైవరు గారిని నిలబెట్టాను. ముల్లు తప్పు చెప్పినంత మాత్రాన ఆ పని మారదు.

వెనక సీటు తిరిగి దింపబోతూ మెకానిక్కు ముందు సీటు కిందినుంచి ఏదో తీసి ఇచ్చాడు. నా పుస్తకంలోని తెల్ల చీటీ. ఇదెలా వచ్చిందిక్కడికి అన్నారు నాన్న. తెలియదన్నాను.

ఆ సాయంత్రం నాన్న డ్రైవరు గారికి ఫోను చేశారు. గేజీ పాడైందట, బాగు చేయించాం, సర్టిఫికెట్ కోసం సోమవారం అమ్మాయిని రాజమండ్రి కాలేజీకి తీసుకెళ్ళాలి అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. ఆయన వచ్చారు. అదే గుడ్డతో అద్దాలు తుడిచారు.

వేమగిరి దాటేదాకా నేను లోపల వాక్యాలు పేర్చుకుంటూనే ఉన్నాను. చివరికి పేర్చినవేవీ రాలేదు. "మధ్యాహ్నాలు కార్లో కూర్చునేదాన్ని నేను. ఏసీ వేసుకుని" అన్నాను.

"తెలుసండి పాపగారు. బండి తీసినప్పుడల్లా ఏసీ నాలుగు మీద ఉండేదండి. సీటు వెనక్కి జరిపి ఉండేది."

"మరి నాన్నకి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు తీశావా అన్నట్టు అడిగారండి. తియ్యలేదని చెప్పాను." గేరు మార్చారు. "మీరు చెప్తారేమోనని ఓసారి మెట్ల వైపు చూశానండి."

తరువాత దారంతా నేను కిటికీలోంచి బయటికే చూశాను. ఆయన వేరే సంగతులు మాట్లాడారు, నా సర్టిఫికెట్ గురించి, ఎండల గురించి.

తిరిగొచ్చేసరికి నాన్న షెడ్డు దగ్గరే ఉన్నారు. డ్రైవరు గారు అద్దాలు ఎత్తుతున్నారు. "నాన్నా, ఎండాకాలమంతా ఇందులో ఇంజను వేసుకుని కూర్చుంది నేను" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "ఏంటి?" అన్నారు నాన్న. రెండోసారి గట్టిగా చెప్పాలి. గోడవతల నీళ్ళ పైపు చప్పుడు వినిపిస్తోంది. గట్టిగానే చెప్పాను. ఆ రోజు నాకు ఆ సంగతి తెలుసనీ, ఆయన నిలబడి ఉండగా చూస్తూ ఊరుకున్నాననీ కూడా చెప్పాను.

నాన్న నా వైపు, తరువాత ఆయన వైపు చూశారు. "లోపలికి రావయ్యా, టీ తాగుదువుగాని" అన్నారు. పనివాళ్ళందరికీ మా ఇంట్లో టీ అరుగు మీదికే వెళ్తుంది. ఆయన లోపలికి రాలేదు. ఇంటి దగ్గర పనుందని, తాళం నా చేతిలో పెట్టి వెళ్ళారు.

మర్నాడు గోడ దగ్గర నిలబడి పక్క నర్సరీ ఆయనకు కూడా చెప్పాను, ముల్లు పాడైందని, డ్రైవరు గారేమీ తియ్యలేదని. "అలాగా అమ్మా" అని పైపు ఇంకో మడి మీదికి తిప్పాడు. ఇది జరిగి రెండేళ్ళయింది. ఎప్పుడు పిలిచినా డ్రైవరు గారు మా ఇంటికి వస్తారు. పక్క నర్సరీ వాళ్ళింటికి మాత్రం ఇప్పటికీ ఆ వేరే ఊరి డ్రైవరే వస్తున్నాడు.