ఒక కిలో టమోటాలు, నాలుగు వేషాలు

అర్థశాస్త్రానికి నువ్వు చేసిన సేవ ఏమిటని ఎవరైనా అడిగితే, ఆదోని కూరగాయల మార్కెట్లో ఒక వరుస వరుసంతా బేరాలు మానేసి కళ్లు తుడుచుకునేలా చేశానని ధైర్యంగా చెప్పగలను. అంతటి ఘనకార్యం మా ప్రొఫెసరు గారి వల్ల కూడా కాలేదు.

అప్పటికి నా ఎమ్మే అయిపోయి నాలుగు నెలలు. లోకంలో గిరాకీ, సరఫరా రెండూ నా అనుమతి తీసుకునే కదులుతున్నాయని నమ్మే వయసు. ఆ ప్రొఫెసరు గారి పరిశోధనలోనే సహాయకురాలిగా చేరాను. ప్రశ్న చిన్నదే: కొనేవాళ్ల వాలకం చూసి అమ్మేవాళ్లు ధర మారుస్తారా? అది తేల్చడానికి నలుగురు వేర్వేరు మనుషులు, వేర్వేరు వేషాల్లో, ఒకే అంగడికి పోయి ఒకే సరుకు అడగాలి. బేరమాడకూడదు. తామెవరో, ఎందుకొచ్చారో చచ్చినా చెప్పకూడదు.

"నలుగురిని వెతుక్కో" అన్నారు సార్.

నలుగురెందుకు, నాలుగు చీరలు చాలవా అనుకున్నాను నేను. మాది ఎమ్మిగనూరు. ఆదోనిలో నన్నెరిగినవాళ్లు లేరు. పైగా కాలేజీ నాటకంలో ముసలమ్మ వేషం వేసి చప్పట్లు కొట్టించుకున్నదాన్ని. ఈ ఏర్పాటు సంగతి సార్‌కు చెప్పలేదు. చెప్పి ఉంటే మీకు ఈపాటి కాలక్షేపం కూడా ఉండేది కాదు.

మొదటి రోజు శ్రీమంతురాలిని. అమ్మ పట్టుచీర, మోచేతుల దాకా గిల్టు గాజులు, నల్లకళ్లద్దాలు. నేను ఎంచుకున్న అంగడి ఈరమ్మది. యాభై ఏళ్లుంటాయి. నొసట రూపాయి బిళ్లంత బొట్టు. ఆమె మెల్లగా మాట్లాడితే నాలుగు అంగళ్ల అవతలికి వినిపిస్తుంది, గట్టిగా మాట్లాడితే బస్టాండుకే.

"టమోటాలు కిలో ఎంతండీ?"

"నలభై. పెండ్లికి పోతాండారామ్మా?"

"లేదు."

"మల్ల?"

"టమోటాలకే."

ఆమె నా చీర వంక చూసింది. టమోటాల వంక చూసింది. తూచి ఇచ్చింది.

రెండో రోజు ఉద్యోగిని. నూలుచీర, భుజాన సంచి, నాన్న పాత కళ్లద్దాలు. వాటిలోంచి నాకు ఇద్దరు ఈరమ్మలు కనిపించారు. ఇద్దరూ కలిసి, "ముప్పై అయిదు పాపా. ఒంట్లో బాగుండాదా?" అన్నారు. ఎంత మర్యాదస్తురాలో అని మురిసిపోయాను.

మూడో రోజు నైటీ, భుజం మీద తువ్వాలు, దువ్వని జుట్టు. గుర్తుపట్టకూడదని గొంతు బొంగురు చేసుకున్నాను. ఈరమ్మ నన్ను చాలాసేపు చూసి, "ఇరవై ఇయ్యి సాలు తల్లీ. అన్నం తిన్యావా?" అంది.

"తిన్యాను" అన్నాను బొంగురుగా. అది ఏడ్చి ఏడ్చి పోయిన గొంతులాగా వినిపించి ఉంటుందని నాకేం తెలుసు?

ఆ సాయంత్రం సార్‌కు ఫోన్ చేశాను. "సార్, వేషం తగ్గేకొద్దీ ధర తగ్గుతోంది! గీత గీసినట్టు దిగిపోతోంది!"

"ఇంత చక్కగా రాకూడదే! నలుగురూ సరిగ్గా పనిచేస్తున్నారా?"

"నలుగురూ ఒక్క మనిషిలాగా పనిచేస్తున్నారు సార్."

నాలుగో రోజు కూలిమనిషిని. అమ్మ ఇల్లు తుడవడానికి పక్కన పడేసిన వెలిసిపోయిన చీర కట్టాను. సహజంగా ఉండాలని గాజులు తీసేశాను. ఇంకా సహజంగా ఉండాలని బొట్టు చెరిపేశాను. కాళ్లకు చెప్పులు కూడా లేవు.

ఈరమ్మ నన్ను చూసింది. నా చేతులు చూసింది. నొసలు చూసింది. చేతిలో ఉన్న టమోటా జారి కింద పడింది.

"అయ్యో నా తల్లీ! పోయినాడా?"

ఎవరు పోయారో నాకు అర్థం కాలేదు. కానీ వివరాలు చెప్పకూడదన్నది నియమం. తల దించుకున్నాను. పక్క అంగడిలో ఎండుమిరపకాయలు చెరుగుతున్నారు. ఆ ఘాటుకు కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారాయి. ఇంకేముంది!

"ఓయమ్మా, ఇట్ల రాండి!" అని ఈరమ్మ వరుసంతా పిలిచింది. "సోమారం పట్టుచీరలో వచ్చినాది. మంగళారం నూలుచీర. నిన్న నైటీ. ఈ పొద్దు సూడండి బిడ్డ గతి! నాలుగు దినాల్లో సంసారం కూలిపాయ!"

అంగళ్లన్నీ వదిలేసి వచ్చారు. ఒకామె నా సంచిలో వంకాయలు వేసింది. ఒకామె గోగాకు వేసింది. మిరపకాయలు చెరిగే ఆమె వచ్చి కళ్లు తుడిచింది, అదే చేత్తో. ఆ మంటకు నేను ఎలుగెత్తి ఏడ్చాను. అంత ఏడుపులోనూ విధి మరవకుండా అడిగాను: "టమోటాలు కిలో ఎంత?"

"నీకు ధర సెప్తానా తల్లీ! తీస్కో!"

సున్నా. నా గీత నేలను తాకింది.

"మీది యా ఊరు? నాయన ఏం సేస్తాడు?"

"ఎమ్మిగనూరు. బడిపంతులు." నోరు జారాను. ఆ వెంటనే, "నేనే పోతాలే పెద్దమ్మా" అన్నాను.

"ఇట్లాంటప్పుడు నిన్ను ఒంటిగా పంపిస్తానా?" అంటూ అంగడిని పక్కామెకు అప్పగించి, ఆటో నడిపే మొగుడు నరసప్పను పిలిపించింది. గంట దారి. దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు. నిజం చెబుదామని మూడుసార్లు నోరు తెరిచాను. తెరిచిన ప్రతిసారీ, "ఏడుపొస్తే ఏడ్సు తల్లీ" అని నా తలను ఒళ్లోకి లాక్కుంది. ఆ ఒళ్లో నాకు మొదటిసారి సిగ్గేసింది.

ఇంటికి చేరేసరికి నాన్న ఉగ్గాని తింటున్నాడు.

"సారూ, గుండె రాయి సేసుకోండి" అంది ఈరమ్మ. "మీ అల్లుడు పోయినాడు."

నాన్న నన్ను చూశాడు. నా చీర చూశాడు. "ఇది మీ అమ్మ ఇల్లు తుడిచే చీర కదా? అవునూ, నీకు పెండ్లెప్పుడయిందమ్మా?"

నరసప్ప ఆటో ఇంజిను ఆపేశాడు.

అప్పుడు చెప్పాను, మొత్తం. పరిశోధన, నలుగురు మనుషులు, నాలుగు చీరలు. ఈరమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"అంటే నీకు ఏ కష్టమూ లేదా?"

"లేదు పెద్దమ్మా."

"బాగుండావు కదా?"

"బాగుండాను."

"సాల్లే" అని పెద్దగా ఊపిరి వదిలింది. ఆ తర్వాత నా వీపు మీద ఒక్కటి వేసింది చూడండి, ఇప్పటికీ చలికాలంలో గుర్తొస్తుంది. "నిన్నటి నుంచి ముద్ద గొంతు దిగలేదు కదే! ధర ఎట్ల సెప్తామో తెలుసుకోవాలంటే నన్నే అడగొచ్చు కదా?"

నాన్న, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఎమ్మే చదివినదానికి ఆ ఒక్కటీ తోచలేదు.

నాన్న పెట్టిన ఉగ్గాని తింటూ ఈరమ్మ చెప్పుకుపోయింది. పొద్దున వచ్చేవాళ్లకు ఒక ధర, ఎండ ఎక్కినాక ఒకటి, మాపటేల సరుకు మెత్తబడితే ఇంకొకటి. "బేరమాడేటోళ్లకు ముందే ఎచ్చు సెప్తా. తగ్గిస్తే వాళ్లకూ సంతోషం, నాకూ సంతోషం. చంటిబిడ్డనెత్తుకోని వస్తే రెండు కాయలు ఎక్కువేస్తా. నేను ముఖం సూస్తా పాపా. చీరేముంది, ఎవురిదైనా అడిగి కట్టుకోవచ్చు."

ఫోన్లో అంతా విని సార్ దగ్గడం మొదలుపెట్టారు. నవ్వు ఆపుకుంటున్నారని తర్వాత తెలిసింది. చివరికి, "నీ నాలుగు రోజుల లెక్క చించేయ్. ఆమె చెప్పింది మాత్రం రాసుకో" అన్నారు.

వాళ్లు బయల్దేరేటప్పుడు నాన్న కూరగాయలకు డబ్బులివ్వబోయాడు. వంకాయలకు, గోగాకుకు వద్దనేసింది. "టమోటాలకు మాత్రం ఇయ్యండి సారూ. కిలో యాభై."

"అదేంది పెద్దమ్మా! పట్టుచీర కట్టిననాడే నలభై కదా?"

"అది ఉన్నోళ్ల ధర. ఇది అబద్ధాలు సెప్పేటోళ్ల ధర. రాసుకో."

రాసుకున్నాను.

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా: ఇకమీదట నేను ఏ అంగడికి పోయినా నా ముఖంతోనే పోతాను, నా గొంతుతోనే అడుగుతాను, ఒక్క మనిషిని నలుగురని లెక్క రాయను, లేని మొగుణ్ణి చంపను. ఇలా కాగితం మీద రాసి, మరునాడు సాక్షి సంతకం కోసం ఈరమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నా చేతికే తిరిగి ఇచ్చింది. "సంతకం మల్ల సూస్తాం. ముందు నీ నిజం పేరేందో సెప్పు."