ఒకటే తూర్పు గోడ

నా చిన్నప్పుడు బర్మాలో, సంచౌంగ్ పేటలో మేమున్న ఇంటికి ఒకటే తూర్పు గోడ. ఏ ఇంటికైనా అంతే అనుకోండి. కానీ మా ఇంట్లో ఆ గోడ ఇద్దరికి కావాలి. మా నాయనమ్మ దేవుళ్ళ పటాలు తూర్పునే ఉండాలి. మా అమ్మ బర్మా ఆవిడ. ఆమె బుద్ధుడూ తూర్పునే ఉండాలి. ఒకరు పెట్టింది ఇంకొకరు తీసేవారు. గొడవ మొదలవగానే మా నాన్న టీ కొట్టుకి పోయేవాడు. వినీ వినీ నాకెంత విసుగొచ్చిందంటే, గోడలే లేని ఇల్లుంటే బాగుండునని అనుకునేదాన్ని.

ఒకరోజు అమ్మ బట్టలు మూట కట్టేసింది. తమ్ముణ్ణి తీసుకుని తామ్వేలో పుట్టింటికి పోతానంది. నన్ను నాయనమ్మకి వదిలేస్తుందట. ఆ మాట నాతో ఎవరూ చెప్పలేదు. నేను లేనట్టే నా ముందు మాట్లాడుకున్నారు.

అప్పుడొచ్చింది పక్కింటి అక్క. ఆమె మా తెలుగు మనిషే, క్రైస్తవురాలు. ఊళ్ళోని పెద్ద చర్చిలో బలిపీఠం అనే ప్రార్థన బల్ల మీద పరిచే గుడ్డలు ఉతికి సర్దేది. పండగ దగ్గర పడింది, మడతెయ్యడానికి మనుషుల్లేరు, అమ్మా నాయనమ్మా ఇద్దరూ రావాల్సిందేనని పట్టుబట్టింది. సాయమడిగితే కాదనడం ఇద్దరికీ రాదు. బస్సులో ఒకరు ముందు, ఒకరు వెనక కూర్చున్నారు. ఎవరి పక్కన కూర్చున్నా తప్పే కాబట్టి నేను నిలబడ్డాను.

బయట ఎండలో మురికిపట్టినట్టు నల్లగా కనిపించిన చర్చి కిటికీ అద్దాలు, లోపల నిప్పుల్లా వెలుగుతున్నాయి. వందల ఏళ్ళ కిందట ఐరోపాలో ఇలాంటి గుళ్ళు కట్టినవాళ్ళు వెలుగుని దేవుడి రాకగానే చూశారని అక్క చెప్పింది. అందుకే గోడల్లో అంత గాజు నింపారట. చదువురానివాళ్ళు ఆ రంగుల బొమ్మల్లోనే దేవుడి కథలు చూసుకునేవారట. బలిపీఠాన్ని పొద్దుపొడిచే వైపే పెట్టేవారట.

"ఈళ్ళకీ తూరుపే కావాలేటి?" అంది నాయనమ్మ.

అక్క ఒక పొడవాటి తెల్లగుడ్డ తెచ్చి చెరో చివర చేతికిచ్చింది. చాచి పట్టుకోగానే మళ్ళీ మొదలు. ఎర్ర మరక పడిందని నాయనమ్మ, కాదు నీలమని అమ్మ. గుడ్డ దగ్గర కూడానా అనుకుని నేను నేల మీద కూలబడి చెవులు మూసుకున్నాను.

"మరక సంగతి తరవాత సూద్దాం మామ్మా. దగ్గరికి రాకుండా మడతెలా అవుద్ది?" అంది అక్క.

నాయనమ్మ తన చివర పట్టుకుని అమ్మ వైపు నడిచింది. దగ్గరికొచ్చేసరికి ఆమె చేతులు నీలమైపోయాయి. వాటిని చూసుకుంది. తలెత్తి కిటికీని చూసింది. అక్క రెండో గుడ్డ అందిస్తే, తన చోటుకి వెళ్ళి నిలబడి, అమ్మ వైపు చూడకుండానే అంది.

"ఈసారి నువ్వు రాయే పిల్లా. ఎరుపు ఇటుంది, సూద్దువుగాని."

అమ్మ వెళ్ళింది. ఎర్రటి వెలుగులో ఆమె మొహం చూసి నాయనమ్మ కొంగుతో ఆమె చెమట తుడిచింది. అక్క మూడో గుడ్డ తీసింది.

ఇంటికొచ్చాక అమ్మ మూట విప్పింది. నాన్న ఆ గోడకి పటాలకీ బుద్ధుడికీ కలిపి పొడుగు చెక్క ఒకటి కొట్టాడు, వంకరగా. దీపం ముందెవరు పెట్టాలని మర్నాడే గొడవ. నా ప్రాణం విసిగిపోయింది. కానీ తామ్వే మాట మళ్ళీ రాలేదు.

ఇప్పుడు నా ఇంట్లో కూతురూ కోడలూ కీచులాడుకుంటే తప్పెవరిదని నేనడగను. అడిగే ఓపికా లేదు. మంచం జరపాలి, చెరోవైపు పట్టండి అంటాను. నిజానికి ఆ మంచాన్ని జరపాల్సిన అవసరం ఇంతవరకూ ఒక్కసారీ రాలేదు.