మద్నూర్ మట్టి

నిన్న మా ప్రయోగశాలలో ఒక విద్యార్థిని వాడిపోయిన కంది మొక్క కాండాన్ని చాకుతో నిలువునా చీల్చింది. బెరడు కింద నల్లని చారలు, పచ్చి కట్టె వాసనలో కలిసిన చెమ్మ కంపు. ఆ వాసన తగలగానే నేను కుర్చీలో ఉండలేకపోయాను. లేచి కిటికీ దాకా, అక్కడినుంచి గుమ్మం దాకా తిరగసాగాను. ఇలా తిరగడం నాకు డాక్టర్ నఫీసా దగ్గర అబ్బింది.

ఎనభైల మొదట్లో కామారెడ్డి దగ్గరి పరిశోధనా క్షేత్రంలో ఆమెకు సహాయకురాలిగా చేరాను. ఎల్లారెడ్డిలో బట్టల దుకాణం నడిపే ఇంట పుట్టి, మొక్కల తెగుళ్ల మీద డాక్టరేటు చేసి వచ్చారామె. నిలబడే చాయ్ తాగేవారు, మడుల మధ్య నడుస్తూనే మాట్లాడేవారు. ఎండు తెగులు కంది చేలను తినేస్తున్న కాలమది. తెగులు సోకిన మట్టితో ఒక మడి తయారుచేసి, ఏటేటా ఎన్నో రకాల విత్తనాలు అందులో విత్తి, మిగతావన్నీ చచ్చిపోగా నిలిచిన ఒక్క రకాన్ని ఆమె పట్టుకున్నారు. దాని మీద ఆమె రాసిన పరిశోధనా పత్రాన్ని ఎక్కడెక్కడి శాస్త్రవేత్తలో తమ పత్రాల్లో ఉదహరించసాగారు.

ఎవరి పత్రాన్ని ఎవరు ఉదహరించారో చెప్పే లావుపాటి సంపుటాలు హైదరాబాదులో ఒక గ్రంథాలయంలో ఉండేవి. చీమ తలకాయంత అక్షరాలు. ఒకసారి నన్నూ వెంటబెట్టుకుపోయారు. భూతద్దం కింద తన పేరు, దాని కింద ఇతరుల పేర్ల వరుస కనబడగానే నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"చూడు విజయా, కెన్యాల ఎవరో నా పేరు రాసిండ్రు. ఎల్లారెడ్డి ఏడున్నదో వాళ్లకేం ఎరుక!"

తిరుగు బస్సులో దారి పొడుగునా అదే మాట. సీటు ఖాళీ అయినా కూర్చోలేదు.

ఆ విత్తనం రైతులకు చేరాక ఒక ఏడు, మద్నూర్ నుంచి గంగారాం అనే రైతు ఎండిన మొక్కలు కట్టగట్టి తెచ్చి ఆమె గది ముందు పడేశాడు.

"ఎండదన్నరు కద మేడం? సగం చేను ఎండింది. మా ఇంటామె రోజు అడుగుతున్నది, ఏమని చెప్పాలె?"

నీళ్లు నిలిచి ఉంటాయిలే అని మా పై అధికారి అతన్ని పంపించబోయారు. నఫీసా మేడం మాత్రం అతనితోపాటే బస్సెక్కారు. నేనూ వెళ్లాను. నల్లరేగడి చేను. పచ్చని మొక్కల నడుమ నిలువునా ఎండిన మొక్కలు. ఆమె గట్టు మీద కూర్చుని ఒక్కొక్క కాండమే చీల్చుతూ పోయారు. అన్నింట్లోనూ నల్ల చారలే. చూస్తూ చూస్తూ గంగారాం కోపం చల్లారింది.

"ఇగ చాలు తియ్యుండ్రి మేడం, చేతులు కోసుకుంటరు."

"నన్ను చూడనియ్యి అన్నా," అన్నారామె తలెత్తకుండా.

గోనెసంచిలో ఆ మట్టి నింపుకుని తిరిగివచ్చాం. అందులో విత్తితే మా రకం నిలవలేదు. మా మడిలో ఈ తెగులు తెచ్చే శిలీంధ్రం ఒక తీరుది, అక్కడిది ఇంకో తీరుది. ఈ సంగతి చెబుతూ ఆమె రెండో పత్రం మొదలుపెట్టారు. ఆ ఏడే ఆమెకు పదోన్నతి రావలసి ఉంది.

"ఇంత పేరు తెచ్చిన పత్రాన్ని మీరే కూలగొట్టుకుంటారా? ఒక ఏడాది ఆగండి," అన్నారు పై అధికారి.

"ఏడాది ఆగితె ఇంకిన్ని చేండ్లల్ల నా ఇత్తనం పెడ్తరు సార్. వాళ్లను ఆగమని ఎవరు చెప్తరు?"

పత్రం అచ్చయింది. పదోన్నతి వేరొకరికి వెళ్లింది. దానికి ఆమె బాధపడకపోలేదు గాని, తొలిచింది మరొకటి. హైదరాబాదు వెళ్లి చూసినప్పుడల్లా మొదటి పత్రం కింద పేర్లు పెరుగుతూనే ఉండేవి. రెండోదాని కింద దాదాపు ఖాళీ.

"పెరుగుతనే ఉన్నది విజయా. నా తప్పే పెరుగుతున్నది," అని భూతద్దం నా చేతిలో పెట్టి బయటికి నడిచారు. ఆ తర్వాత, మొదటి పత్రాన్ని ఉదహరించిన వాళ్లందరికీ రెండోదాని ప్రతి పోస్టు చేయడం మొదలుపెట్టారు. కొద్దిమందే జవాబిచ్చారు. మద్నూర్ మట్టిని తట్టుకునే కంది కోసం ఉద్యోగం ముగిసేదాకా వెతికారు. దొరకలేదు.

తొంభైల చివర్లో ఎల్లారెడ్డిలో మంచం పట్టిన ఆమె పక్కన కూర్చుని, మరో కంది రకం మీద నేను రాసిన పత్రాన్ని ఇప్పుడు చాలామంది ఉదహరిస్తున్నారని చెప్పాను. దుప్పటి కింద ఆమె కాళ్లు కదులుతూనే ఉన్నాయి.

"మంచిగైంది. మరి మాచారెడ్డి ఎర్ర చెల్కల ఆ ఇత్తనం పెట్టి చూసినవా?"

లేదన్నాను.

"మరి గీడ కూసున్నవేంది?" అని నవ్వారు. మర్నాడే ఆ ఎర్రనేల మట్టి కోసం మాచారెడ్డి వెళ్లాను. నేను తిరిగి వచ్చేసరికి ఆమె లేరు.

నన్ను ఎంతమంది ఉదహరించారో ఇప్పుడు కంప్యూటర్ తెర మీద క్షణంలో కనబడుతుంది. ఆ అంకె పెరిగితే సంతోషమే. కాని ఎక్కువసేపు నిలవదు. ఇంకా చూడని నేల ఏదో గుర్తొస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ఏదో ఒక ఊరి బస్సులో ఉంటాను, ఒడిలో ఖాళీ గోనెసంచితో.