నెత్తళ్ల చుట్టూ పల్లేరు పూలు

నౌపడ దగ్గర సముద్రపు ఒడ్డున ఒక ముసలావిడ నన్ను ఊరికే తిట్టిందని చాలామందికి చెప్పుకున్నాను. అది నిజం కాదు. తప్పు నాదే.

ఆమె ఇసుకలో నెత్తళ్లు ఎండబెట్టింది. ఆ చిన్న చేపల చుట్టూ పల్లేరు మొక్కలు పసుపు పూలతో నేలంతా పాకి ఉన్నాయి. చెప్పులోంచి పల్లేరుకాయ ముల్లు దిగేసరికి, ఆమెకు మేలు చేద్దామనుకుని ఒకవైపు మొక్కలన్నీ పీకేశాను.

"ఏటి బాబూ, నా కంచె పీకీసినావు?" అంది వస్తూనే. "కుక్కలొస్తే నెత్తళ్లు ఉంటాయా? ఇయ్యి పోతే నానేటి అమ్మీది, ఏటి తినీది? అందుకే గదా ఈటిని పెరగనిచ్చినాను."

నవ్వొచ్చింది. పూలు కంచె ఏమిటి అన్నాను.

"అలగా? అయితే నాను గెంజి తాగొచ్చీదాకా ఈ కాళీలో నువ్వే ఉండు, పల్లేరు మొక్కనాగ" అని నా చేతిలో కర్ర పెట్టి వెళ్లిపోయింది.

కాసేపటికి రెండు కుక్కలు వచ్చాయి. ముందున్నది పూల మీద కాలు మోపి, చటుక్కున ఎత్తి, నాకుకుంటూ వెనక్కి తగ్గింది. బెత్తెడు ఎత్తైనా లేని మొక్క, వేలిగోరంత పువ్వు. ఆకలిగా ఉన్న కుక్కల్ని ఆపేసింది. కళ్లప్పగించి చూశాను. అవి వాసన చూసుకుంటూ చుట్టూ తిరిగి, నేను పీకిన చోటు దొరకగానే తిన్నగా నా మీదికి వచ్చాయి.

ఆమె తిరిగొచ్చేదాకా కర్ర ఊపుతూ, అరుస్తూ, చెమటలు కక్కుతూ అక్కడే నిలబడ్డాను. మిగతా మూడు వైపులా పూలు చప్పుడు లేకుండా కాపలా కాశాయి.