సువార్తమ్మ మేడం కట్టిన కట్టు

కోడిగుడ్డు సొనలో కలిపిన మినప్పిండి వాసన ఇవాళ మళ్లీ ముక్కుకు తగిలింది. పొద్దున పక్క ఊళ్లో కబడ్డీ ఆడి దెబ్బ తగిలించుకున్న పిల్లను, అక్కడెవరో ఆ పిండి పూసి కాలికి కట్టిన కట్టుతో సహా, స్నేహితురాళ్లు నా ముందు కూర్చోబెట్టారు. బడిలో ఆటలు నేర్పే టీచర్ని నేను. ఆ వాసనకు సువార్తమ్మ మేడం గుర్తొచ్చింది.

బద్వేలు బడిలో మాకు కబడ్డీ నేర్పింది ఆమే. వాళ్ల నాయన విరిగిన ఎముకలకు కట్లు కట్టేవాడు. ఆ విద్య ఆమెకూ వచ్చింది. ఆమె కట్టు కట్టిందంటే ఇక డాక్టరు దగ్గరికి పోయేవాళ్లే లేరు. మాకైతే ఆమె మాటే వేదవాక్కు. ఒక సాయంత్రం ఆటలో నా స్నేహితురాలు రమాదేవి పిక్కకు ఎవరిదో మోకాలు బలంగా తగిలింది. మేడం సొనలో కలిపిన మినప్పిండి పూసి కట్టు బిగించింది. కాసేపటికే రమాదేవి ఏడవడం మొదలుపెట్టింది.

"వేలు కదిలిస్తే పానం పోతాంది మేడం. పాదం మొద్దుబారతాండాది."

"బిగుతుగా ఉంటేనే వాపు దిగేది. ఆడేదానివి, ఓర్చుకోమ్మా."

నేను పిక్కను తాకి చూశాను. రాయిలా ఉంది. మేడానికి ఎదురు చెప్పలేక ఊరుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం కడప ఆసుపత్రికి తీసుకుపోయాం. లోపల కండ వాచిందనీ, దాని చుట్టూ ఉన్న పొర సాగదనీ, రక్తం ఆడక కండ చచ్చిపోయిందనీ డాక్టరు చెప్పాడు. నిన్ననే తెచ్చుంటే పొర కోసి కాలు కాపాడేవాళ్లట. కట్టు ఎవరు కట్టారని అడిగాడు. మేడం తల వంచుకోలేదు.

"నేనే సార్. ఓర్చుకోమన్నదీ నేనే."

రమాదేవికి మోకాలి కింద కాలు తీసేశారు.

ఆ తర్వాత మేడం ఎవరికీ కట్టు కట్టలేదు. చర్చిలో ముందు వరస వదిలేసి, చనిపోయేదాకా తలుపు దగ్గరే కూర్చునేది. దెబ్బ తగిలిన ప్రతి పిల్ల పిక్కనూ నొక్కి, కాలి బొటనవేలు పైకి వంచి అడిగేది. "దెబ్బకు మించిన నొప్పి ఉండాదా తల్లీ? దాచొద్దు." ఆమె మీద నాకు ప్రేమా ఉంది, కోపమూ ఉంది. నా మీద నాకున్న కోపం అంతకంటే ఎక్కువ.

ఈ పిల్ల కట్టు కత్తిరించాను. పిక్క గట్టిపడి నిగనిగలాడుతోంది. బొటనవేలు వంచగానే పెదవి కొరుక్కుంది.

"ఏం లేదు మేడం, ఓర్చుకుంటా."

ఆటో పిలిచాను. ఆసుపత్రి చేరేదాకా ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఒకటే చెప్పాను. "ఓర్చుకోవద్దు తల్లీ. గట్టిగా చెప్పు." రమాదేవికి ఆ సాయంత్రం నేను చెప్పవలసిన మాట అది.